పొడవెంత, వెడల్పెంత, ఎవరికి: వేగంగా సాగే సముద్ర కయాక్‌ల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలలో ఏదీ సముద్రాన్ని తాకదు. అయినా కొంతకాలంగా మాకు అందుతున్న ఉత్తరాలలో సముద్ర కయాక్‌ల గురించి, అంటే రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నని పొడవాటి పడవల గురించి అడిగేవే ఎక్కువ. పెన్నా మీద, తుంగభద్ర మీద కట్టిన జలాశయాలు వానలు బాగున్న ఏడాది నెలల తరబడి నిండుగా ఉంటున్నాయి. తెల్లవారుజామున గంటసేపు ఆగకుండా తెడ్డు వేయడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. అలా అలవాటుపడినవారికి, ఇదే పడవతో ఏడాదికి ఒకటి రెండుసార్లు నెల్లూరు తీరానికి ఎందుకు వెళ్లకూడదన్న ఆలోచన రావడం సహజం. ఆ ఉత్తరాలలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నమస్కారమండీ. మాది ప్రొద్దుటూరు. నా వయసు 38, బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. రెండేళ్లుగా మైలవరం జలాశయంలో 12 అడుగుల ప్లాస్టిక్ కయాక్ మీద వారానికి మూడు రోజులు వ్యాయామం చేస్తున్నాను. ఎంత బలం పెట్టినా గంటకు 7 కిలోమీటర్లు దాటడం లేదు. నెల్లూరు తీరం వెంట రెండు మూడు రోజుల ప్రయాణాలు కూడా చేయాలని ఉంది. చెన్నైలో 18 అడుగుల పొడవు, 51 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పాత కార్బన్ పడవ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. ఎంత పొడవుగా, ఎంత సన్నగా ఉంటే అంత వేగమని అందరూ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే తీసుకోవద్దండీ. అది చెడ్డ పడవ అని కాదు. మీరు చెప్పిన రెండు పనులకూ, మీ రెండేళ్ల అనుభవానికీ అది సరిపోయే పడవ కాదు.

ముందుగా, మీ వేగం 7 దగ్గర ఎందుకు ఆగిపోతున్నదో చూద్దాము. పడవ కదిలేటప్పుడు ముందు కొస దగ్గర ఒక అల, వెనక కొస దగ్గర ఒక అల లేస్తాయి. వేగం పెరిగే కొద్దీ ముందు అల శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ నీటిలో తడిసే పొడవుతో సమానమైనప్పుడు పడవ తాను లేపిన అలల నడుమ పల్లంలో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి ఎంత బలం పెట్టినా ఎక్కువ భాగం అలను పెద్దది చేయడానికే ఖర్చవుతుంది. ఆ హద్దును ఉజ్జాయింపుగా లెక్కించే సూత్రం ఒకటి ఉంది: తడిసే పొడవును అడుగులలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఈ లెక్కన 12 అడుగులకు హద్దు గంటకు 8.6 కిలోమీటర్లు, 16 అడుగులకు 9.9, 18 అడుగులకు 10.5. సన్నని పడవలు ఈ హద్దును కొంత దాటగలవు, వెడల్పాటివి దాని దరిదాపులకు కూడా రావడానికి అవస్థపడతాయి. మీ పడవకు 7 దాటాక ప్రతి అర కిలోమీటరూ ఎందుకు అంత భారమవుతున్నదో దీనితో అర్థమవుతుంది.

అదే లెక్కను మరొకసారి చూడండి. 12 నుంచి 16కు వెళితే హద్దు 1.3 కిలోమీటర్లు పెరిగింది. 16 నుంచి 18కు వెళితే పెరిగింది 0.6 మాత్రమే. పైగా ఆ పెరిగిన భాగాన్ని వాడుకోవాలంటే మీరు గంటకు 9 కిలోమీటర్లకు పైగా నిలకడగా పోగలిగి ఉండాలి. అభ్యాసం బాగా ఉన్నవారు కూడా రోజంతా సాగే ప్రయాణంలో గంటకు 6 నుంచి 7 కిలోమీటర్ల వేగంతోనే సాగుతారు. ఆ వేగాల దగ్గర పడవను వెనక్కి లాగే దానిలో పెద్ద వాటా అలలది కాదు, అడుగు భాగాన్ని రాసుకుంటూ పోయే నీటి ఘర్షణది. తడిసే వైశాల్యం పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. అందువల్ల నెమ్మదైన వేగంలో 18 అడుగుల పడవ కన్నా 16 అడుగుల పడవే తేలికగా సాగే సందర్భాలు ఉన్నాయి. పొడవు ఉపయోగపడేది పరుగెత్తగలిగినవారికే.

ఇక్కడ అమ్మేవారు చెప్పని ఒక విషయం ఉంది. పట్టికలో రాసే పొడవు కొస నుంచి కొస వరకు కొలిచినది. గ్రీన్‌లాండ్ వేటగాళ్ల సంప్రదాయాన్ని అనుసరించిన పడవలలో రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి. చూడడానికి అందంగా ఉంటాయి, కెరటం మీదికి ఎక్కడానికి పనికివస్తాయి, కానీ ఆ లేచిన భాగం నీటిని తాకదు. 17 అడుగుల పైన ఉన్న పడవ తడిసే పొడవు 15 అడుగులకు దగ్గరగా ఉండవచ్చు. వేగం కోసం రూపొందించిన నేటి పడవలలో ముందు కొస దాదాపు నిలువుగా నీటిలోకి దిగుతుంది, కాబట్టి కొలిచిన పొడవంతా పనిచేస్తుంది. మీరు అడగవలసింది మొత్తం పొడవు కాదు, తడిసే పొడవు.

ఇక వెడల్పు. దీని గురించి నా అనుభవమే చెబుతాను, ఎందుకంటే మీరు చేయబోతున్న పనినే చాలా ఏళ్ల క్రితం నేను చేశాను. 18 అడుగుల పొడవు, 51 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పడవను ఒకరి దగ్గర పాతది కొని కర్నూలుకు తెచ్చుకున్నాను. గాలి లేని ఉదయాలలో తుంగభద్ర మీద అది బాణంలా పోయేది. ఒక రోజు ఎనిమిది గంటలకే గాలి లేచింది. జానెడు ఎత్తు అలలు పక్క నుంచి మొదలయ్యాయి. ఆ గంటన్నరలో నేను తెడ్డు మీది నుంచి చెయ్యి తీసి నీళ్ల సీసా అందుకోలేకపోయాను. నడుము బిగుసుకుపోయింది, ప్రతి మూడో వేటు ముందుకు పోవడానికి కాక, ఒరగకుండా నీటిని ఆనుకోవడానికి వాడవలసి వచ్చింది. ఒడ్డుకు చేరాక గడియారం చూస్తే, మునుపటి వెడల్పాటి పడవతో పట్టే సమయం కన్నా పన్నెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఎనిమిది నెలలు దానితో పోరాడి అమ్మివేశాను. తరువాత తీసుకున్న 56 సెంటీమీటర్ల పడవలో మొదటి వారం నుంచే నా సగటు వేగం పెరిగింది.

నిలకడ రెండు రకాలుగా ఉంటుంది. నిశ్చలమైన నీటిలో కూర్చోగానే తెలిసేది మొదటిది. పడవ ఒక పక్కకు ఒరిగాక ఇక ఒరగకుండా పట్టి ఆపేది రెండవది. సముద్రంలో మనల్ని కాపాడేది రెండవదే. మంచి సముద్ర కయాక్ మొదట కొంచెం ఊగినట్లు అనిపించినా, ఒరిగిన చోట గట్టిగా నిలబడుతుంది. పందెం పడవలలో మాత్రం రెండూ తక్కువ. వాటిని నిలబెట్టేది నడిపేవారి నడుము, తెడ్డు వేటు. ఆసనం ఎత్తు కూడా దీనిలో భాగమే. ఒకటి రెండు సెంటీమీటర్లు దించినా అదే పడవ మరొక పడవలా ప్రవర్తిస్తుంది.

మీకు నా సలహా ఇది. మొత్తం పొడవు పదహారున్నర నుంచి పదిహేడున్నర అడుగులు, తడిసే పొడవు 16కు దగ్గరగా, వెడల్పు 54 నుంచి 56 సెంటీమీటర్లు. ముందూ వెనకా నీరు చొరని అడ్డుగోడలు, వాటిపై గట్టి మూతలు ఉండాలి. బోల్తా పడినప్పుడు నీరు నిండేది కూర్చునే భాగం మాత్రమే కావాలి. పైభాగం అంచుల వెంట చేత్తో పట్టుకోవడానికి తాడు ఉండాలి. రెండు మూడు రోజులకు తాగునీరు, గుడారం, వంట సామాను కలిపి 30 నుంచి 35 కిలోలు అవుతాయి. మీ బరువుతో కలిపి దాదాపు 110 కిలోలు మోసినప్పుడు పడవ ఎంత లోతుకు దిగుతుందో, ఖాళీగా మీరొక్కరే ఉన్నప్పుడు ఎంత పైకి తేలుతుందో, రెండూ చూసుకోవాలి. వారానికి మూడు రోజులు మీరు నడిపేది ఖాళీ పడవనే అన్న సంగతి మరిచిపోకండి.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. దూరం, వేగం చూపే గడియారం, గుండె వేగాన్ని కొలిచే పట్టీ పెట్టుకోండి. మాట్లాడగలిగినంత శ్రమతో పది నిమిషాలు ఒక దిక్కుకు, అదే గుండె వేగంతో పది నిమిషాలు వెనక్కి రండి. రెంటి సగటు తీస్తే గాలి ప్రభావం చాలావరకు పోతుంది. మరొక పడవతో అదే రోజు, అదే నీటిలో మళ్లీ చేయండి. తరువాత గాలి ఉన్న సాయంత్రం ఇదంతా తిరిగి చేయండి. రెండవ పరీక్షలో గెలిచిన పడవనే తీసుకోండి.

పడవ వేగం మొత్తం ప్రయాణంలో ఎంత భాగమో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చెబుతాను. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ కాఫిన్ 1981 చివరలో బయలుదేరి నార్డ్‌కాప్ అనే పాత తరహా పడవతో ఆస్ట్రేలియా ఖండాన్ని 360 రోజులలో చుట్టివచ్చారు. కొసలు పైకి లేచిన ఆ పడవ 1975లో నార్వే ఉత్తర కొసకు సాగిన ఒక యాత్ర కోసం రూపొందినది. జర్మనీకి చెందిన ఫ్రేయా హాఫ్‌మైస్టర్ 2009లో నిలువు కొస ఉన్న 18 అడుగుల ఎపిక్ సంస్థ పడవతో అదే ఖండాన్ని 332 రోజులలో చుట్టివచ్చారు. ఇద్దరి దారీ, వాతావరణమూ, విశ్రాంతి రోజులూ ఒకటి కావు. అయినా ఇరవై ఏడేళ్ల తరువాత, ఎంతో వేగమైన పడవతో తేడా 28 రోజులే. మిగతాదంతా రోజూ ఎన్ని గంటలు అలసిపోకుండా కూర్చోగలిగారన్న దాని మీద నడిచింది.

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. నేను అనంతపురం నుంచి రాస్తున్నాను. నా బరువు 52 కిలోలు, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మిత్రులతో కలిసి మిడ్ పెన్నార్ జలాశయంలో 17 అడుగుల పడవ నడుపుతాను. మగవాళ్లందరికీ బాగానే సాగే ఆ పడవ, పడమటి గాలి మొదలవగానే నా చేతిలో మాత్రం నిలవదు. ముందు కొస ఎప్పుడూ గాలి వైపే తిరిగిపోతుంది. సొంతంగా ఒకటి కొనుక్కోవాలనుకుంటున్నాను. చుక్కాని ఉన్నది తీసుకోవాలా, స్కెగ్ ఉన్నది తీసుకోవాలా?

జవాబు: అమ్మా, మీ కష్టంలో సగం చుక్కానికి సంబంధించినది కాదు, పడవ పరిమాణానికి సంబంధించినది. ఆ పడవ 80 కిలోల మనిషి కోసం గీసినది. మీరు కూర్చున్నప్పుడు అది ఉండవలసిన దాని కన్నా పైకి తేలుతుంది. నీటిలో పట్టు తగ్గుతుంది, గాలికి తగిలే గోడ పెరుగుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి మీ పడవను వదిలిపెడుతుందా? మీ మోకాళ్లు కూడా పైభాగం లోపలి వైపును తాకడం లేదని నా అనుమానం. అలా అయితే ఒరిగిన పడవను నడుముతో సరిచేయడం మీకు సాధ్యం కాదు. మిత్రులు మీకన్నా బలవంతులు కావడం వల్ల వచ్చిన తేడా కాదిది. మీకు కొలత తప్పిన పడవ ఇచ్చారు.

పదిహేనున్నర నుంచి పదహారున్నర అడుగుల పొడవు, 51 నుంచి 54 సెంటీమీటర్ల వెడల్పు, లోతు తక్కువైన పడవను వెతకండి. పై ఉత్తరంలో వద్దన్న వెడల్పు మీకు ఎలా సరిపోతుందని అడగవచ్చు. మీ తుంటి వెడల్పు, మీ పైభాగం బరువు వేరు. 78 కిలోల మనిషికి 51 ఎలా అనిపిస్తుందో మీకు అలా అనిపించదు. చిన్న శరీరాల కోసం ప్రత్యేకంగా తక్కువ ఘనపరిమాణంతో చేసే నమూనాలు ఉన్నాయి. ఒకే పేరుతో చిన్నది, పెద్దది అని రెండు కొలతలలో వచ్చే పడవలలో చిన్నదాన్ని అడగండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పడవ ముందుకు కదిలేటప్పుడు ముందు కొస నీటిలో గట్టిగా నాటుకుని ఉంటుంది, వెనక కొస వదులుగా ఉంటుంది. పక్క గాలి వదులుగా ఉన్న వెనక భాగాన్ని నెడుతుంది కాబట్టి ముందు కొస గాలికి ఎదురుగా తిరుగుతుంది. స్కెగ్ అంటే వెనక అడుగు భాగం నుంచి కిందికి దించే చిన్న రెక్క. అది వెనక భాగానికి పట్టు ఇస్తుంది. పూర్తిగా ఎత్తితే పడవ గాలి వైపు తిరుగుతుంది, పూర్తిగా దించితే గాలి పోయే దిక్కుకు తిరుగుతుంది, మధ్యలో ఒక చోట తిన్నగా పోతుంది. ఆ చోటును వేళ్లతో వెతుక్కోవడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. చుక్కాని ఎడమకూ కుడికీ తిరుగుతుంది, కాళ్లతో నడుపుతాము.

నిదానంగా తీరం వెంట తిరిగేవారికి స్కెగ్ చాలు. కానీ మీలా వ్యాయామం కోసం ఆగకుండా వేగంగా తెడ్డు వేసేవారికి నేను చుక్కానినే సూచిస్తాను. పొడవాటి, అడుగు తిన్నగా ఉన్న పడవను దారి మళ్లించడానికి ఒక పక్కన మాత్రమే పదేపదే వేటు వేస్తే లయ చెడుతుంది, ఒక భుజమే అలసిపోతుంది. తుంగభద్ర మీద చేపలవారు నడిపే పుట్టిని మీరు చూసే ఉంటారు: గుండ్రంగా ఉండడం వల్ల అది ఉన్నచోటనే తిరుగుతుంది, తిన్నగా పోవడమే దానికి కష్టం. వేగమైన కయాక్ దానికి పూర్తిగా ఎదురు కొస. తిన్నగా పోతుంది, తిరగమంటే తిరగదు. అందుకే దానికి చుక్కాని కావాలి.

అయితే చుక్కాని నడిపే పాదపీఠాన్ని తప్పక చూడండి. పీఠం మొత్తం ముందుకూ వెనక్కూ జారే పాత పద్ధతిలో కాలు ఆనించడానికి గట్టి ఆధారం ఉండదు. తెడ్డు బలం చేతుల నుంచి కాదు, పాదం నుంచి నడుము మీదుగా భుజానికి వస్తుంది. పాదం జారిపోతే ఆ బలం అక్కడే పోతుంది. పీఠం కదలకుండా ఉండి, వేళ్ల దగ్గరి చిన్న రేకు మాత్రమే కదిలే రకం తీసుకోండి. స్కెగ్ పడవే దొరికితే, రెక్క లోపలికి పోయే పెట్టెలో ఇసుక, గులకరాళ్లు ఇరుక్కోవడం మామూలని గుర్తుంచుకుని, రెక్కకు చిన్న దారం కట్టి ఉంచండి; తోటివారు లాగి విడిపించగలరు.

ప్రశ్న: సార్, నేను కర్నూలులో చదువుకుంటున్నాను. సుంకేసుల దగ్గర అప్పుడప్పుడు కయాక్ నడుపుతాను. నా ఆసక్తి ముఖ్యంగా ఫిట్‌నెస్. సర్ఫ్‌స్కీ అయితే సముద్ర కయాక్ కన్నా వేగమని చదివాను. అదే కొంటే సరిపోదా?

జవాబు: కేవలం వ్యాయామమే అయితే సరిపోతుంది, ఒక షరతుతో. సర్ఫ్‌స్కీలో లోపల కాక పైన, పల్లంగా చేసిన ఆసనంలో కూర్చుంటాము. మోకాళ్లు పైకి, దగ్గరగా ఉంటాయి కాబట్టి నడుము పూర్తిగా తిరుగుతుంది. వ్యాయామానికి ఇంతకన్నా మంచి కూర్చునే తీరు లేదు. బోల్తా పడితే తిరిగి ఎక్కడం సులువు, నీరు తోడే పని లేదు. పడవ కదలగానే అడుగున ఉన్న చిన్న ద్వారం నుంచి నీరు దానంతట అది పోతుంది.

షరతు వెడల్పు గురించే. పందెం సర్ఫ్‌స్కీలు 20 అడుగులు దాటి, 45 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. మీ వయసులో ఉత్సాహం వాటినే కోరుకుంటుంది. నేర్చుకునేవారి కోసం 18 అడుగుల పొడవు, 56 సెంటీమీటర్ల వెడల్పుతో చేసినవి ఉన్నాయి, ఎపిక్ వారి వి8 అటువంటిది. ఆ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన గ్రెగ్ బార్టన్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కయాక్‌లో రెండు స్వర్ణాలు గెలిచారు. అంతటి పందెగాడి సంస్థ కూడా మొదటి మెట్టుకు 56 సెంటీమీటర్లనే ఎంచుకుంది. రెండేళ్లు దాని మీద గడిపాక సన్నదానికి వెళ్లవచ్చు.

కాలికి కట్టుకునే తాడు లేకుండా సర్ఫ్‌స్కీ మీద ఒక్కసారి కూడా వెళ్లకండి. పడిపోయిన క్షణంలో ఖాళీ పడవను గాలి మీరు ఈదగలిగిన దాని కన్నా వేగంగా తీసుకుపోతుంది. సామాను పెట్టుకోవడానికి దానిలో చోటు తక్కువ, కాళ్లు రోజంతా ఎండకు తగులుతాయి. కాబట్టి రాత్రి బస చేసే ప్రయాణాలు మీ మనసులో ఏ మూలన ఉన్నా సముద్ర కయాక్ వైపే మొగ్గండి.

సుంకేసుల అంటే గుర్తొచ్చింది. అక్కడ మొదలయ్యే కె.సి. (కర్నూలు-కడప) కాలువను 1860లలో తవ్వడం ప్రారంభించినప్పుడు సాగునీటితో పాటు పడవల రవాణా కూడా దాని లక్ష్యాలలో ఒకటి. కర్నూలు నుంచి కడప వరకు నీటి మీద పోవాలన్న ఆలోచన ఇక్కడ కొత్తది కాదు. కానీ పారే కాలువలో లాకుల దగ్గర, బ్యారేజీ గేట్ల దగ్గర కయాక్ నడపడం ప్రాణాంతకం. మీ అభ్యాసం గేట్లకు చాలా ఎగువన, అధికారుల అనుమతి ఉన్న నీటిలోనే జరగాలి.

ప్రశ్న: మా కడప ఎండలకు ఏ పదార్థంతో చేసిన కయాక్ మేలు? మేడ మీద రేకుల నీడలో పెట్టుకోవచ్చా?

జవాబు: మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది పాలిథిలిన్ ప్లాస్టిక్. మన మేడల మీది నల్ల నీళ్ల ట్యాంకులను అచ్చులో వేడి చేస్తూ తిప్పి ఎలా చేస్తారో, వీటినీ అలాగే చేస్తారు. రాయికి కొట్టుకున్నా పగలవు, ధర తక్కువ. కానీ 17 అడుగుల పడవ 25 నుంచి 30 కిలోలు తూగుతుంది, వేడికి మెత్తబడుతుంది. కారు మీద బిగించి కట్టి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే, తాడు పడిన చోట అడుగు లోపలికి సొట్టపోతుంది. ఆ సొట్ట వేగాన్ని తినేస్తుంది. రెండవది ఫైబర్‌గ్లాస్; గట్టిగా ఉంటుంది, అడుగు నున్నగా ఉంటుంది, రెండు మూడు కిలోలైనా తేలిక. మూడవది కార్బన్, కెవ్లార్‌లతో చేసినది. 18 నుంచి 22 కిలోలు, ధర చాలా ఎక్కువ.

నా ఎంపిక ఫైబర్‌గ్లాసే. నీళ్లు తగ్గిన వేసవిలో జలాశయాల అంచున బయటపడే సర్కారు తుమ్మ మొద్దులు దాని పైపూతను గీకుతాయి, నిజమే. కానీ ఆ గీతను రెసిన్, గాజు బట్టతో పూడ్చడం మన ఊళ్లలో ఫైబర్ తలుపులు, ట్యాంకులు బాగుచేసేవారికి తెలిసిన పనే. ప్లాస్టిక్ పడవ చీలితే అంత బాగా అతకదు. ఒంటరిగా పడవను కారు మీదికి ఎత్తవలసినవారు మాత్రం బరువు గురించి మరొకసారి ఆలోచించాలి. ఎత్తడం కష్టమైన పడవ ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

రేకుల కింద వద్దు. మే నెలలో రేకు కింద వేడి బయటి ఎండ కన్నా భరించరానిది. కింది అంతస్తులో, గోడకు రెండు చేతుల్లాంటి ఆధారాలు బిగించి, వాటికి మెత్త చుట్టి, పక్కకు ఒరిగించి పెట్టండి. మూతలు వదులుగా ఉంచండి. పడవలో మూసివేసిన అరల్లో వేడెక్కిన గాలి వ్యాకోచించి అడ్డుగోడల అతుకులను విడదీస్తుంది. కారు మీద తీసుకువెళ్లేటప్పుడు వెనక పొడుచుకొచ్చిన కొసకు ఎర్ర గుడ్డ కట్టండి.

ప్రశ్న: పడవ మీద అంత ఖర్చు పెట్టాక తెడ్డు మామూలుది చాలు కదా? (ఒక పాఠకుడు, జమ్మలమడుగు)

జవాబు: చాలదండీ. డబ్బు తక్కువైతే పడవలో తగ్గించండి, తెడ్డులో తగ్గించకండి. నిమిషానికి 70 వేట్ల చొప్పున గంటకు 4,200 వేట్లు అవుతాయి. కిలోకు పైగా తూగే అల్యూమినియం తెడ్డుకు, 700 గ్రాముల కార్బన్ తెడ్డుకు మధ్య ఉన్న 300 గ్రాములకు పైగా తేడాను గంటకు అన్నిసార్లు ఎత్తుతున్నారన్నమాట. పొడవు విషయంలో, వేగంగా తెడ్డును నిలువుగా వేసేవారికి 205 నుంచి 215 సెంటీమీటర్లు సరిపోతుంది. నిదానంగా, పడుకోబెట్టినట్లు వేసేవారికి 220 నుంచి 230. రెక్క తెడ్డు అనే వంపు తిరిగిన రకం 1980లలో స్వీడన్‌లో పుట్టి పందేలను మార్చివేసింది. వ్యాయామానికి అది గొప్ప సాధనం, నడుము సరిగా తిప్పకపోతే వెంటనే తెలియజేస్తుంది. కానీ కెరటాలలో ఒరిగినప్పుడు దానిని నీటి మీద ఆనించి నిలదొక్కుకోవడం నేర్పు లేనివారికి సాధ్యం కాదు. జలాశయంలో రెక్క తెడ్డు, సముద్రంలో మామూలు తెడ్డు వాడండి. ప్రయాణంలో రెండుగా విడదీసిన మరొక తెడ్డు పడవ పైభాగానికి కట్టి ఉండాలి.

ప్రశ్న: మేము ముగ్గురం కర్నూలు వాళ్లం. వేగమైన సముద్ర కయాక్‌లు తెప్పించుకున్నాము, చదునైన నీటిలో బాగా నడుపుతున్నాము. నెల్లూరు తీరానికి వెళ్లడానికి సిద్ధమేనని ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇటువంటి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ నాకు సంతోషమూ, భయమూ కలుగుతాయి. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగిన సంగతి మనలో ఎవరమూ మరిచిపోలేదు. మీది వేరే పడవ, వేరే నీరు. కానీ నీటి మీద ధైర్యం ముందు వెళ్లి, సన్నద్ధత వెనక రావడం ఎక్కడైనా ఒకటే.

లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఒడ్డుకు దగ్గరగా, మిగతా ఇద్దరూ పక్కన ఉండగా, గాలి ఉన్న రోజున కావాలని బోల్తా పడండి. నీళ్లు నిండిన పడవలోకి ఇతరుల సాయం లేకుండా ఎక్కి, పంపుతో నీరు తోడి, తిరిగి సాగాలి. తెడ్డు కొసకు గాలి సంచి తొడిగి, దాన్ని ఆనుకుని ఎక్కే పద్ధతిని ముందు నేర్చుకోండి. తరువాత తోటివారు పడవను పట్టుకోగా ఎక్కే పద్ధతి. ఇది ముగ్గురికీ, వరుసగా మూడుసార్లు, అలసిపోయిన స్థితిలో కూడా రావాలి. తెడ్డుతోనే పడవను తిరగేసుకుని పైకి లేవడం వస్తే మరీ మంచిది, కానీ దాని మీదే ఆధారపడకండి. మీ ముగ్గురిలో ఒకరికి తన పడవలోకి మళ్లీ ఎక్కడం రావడం లేదంటే, ఆ పడవ ఆ మనిషికి సన్నదని అర్థం; ఆసనం దించి చూడండి, అప్పటికీ రాకపోతే పడవ మార్చండి.

ఇక తీరం. మైపాడు వంటి చోట్ల ఒడ్డు అడ్డేమీ లేని ఇసుక. కెరటాలు నేరుగా వచ్చి ఒడ్డు దగ్గరే విరుగుతాయి. పొడవైన, అడుగు తిన్నగా ఉన్న పడవ విరిగే కెరటం ముందు అడ్డం తిరిగితే దానిని నిలబెట్టడం కష్టం. వేగమైన పడవకు ఉన్న నిజమైన బలహీనత ఇదే. మొదటి రోజు సామాను లేకుండా, చుక్కాని పైకి ఎత్తి, బయటికి వెళ్లడం, లోపలికి రావడం మాత్రమే సాధన చేయండి. వచ్చేటప్పుడు కెరటం మీద ఎక్కి పరుగెత్తాలన్న ఆశ వదిలి, అది దాటిపోయాక దాని వీపు వెంట రండి. పడవకూ ఒడ్డుకూ మధ్య మీరు నిలబడకూడదు. నీళ్లు నిండిన పడవ కెరటంతో వచ్చి కాళ్లు విరగ్గొడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం కనుక ఆ మాట తలపెట్టవద్దు. జనవరి చివరి నుంచి మార్చి వరకు ఉదయాలు చూసుకోండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేవక ముందే ఒడ్డు చేరాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంట అలల ఎత్తు, గాలి అంచనాలు ప్రకటిస్తుంది. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలూ చదవండి. అంతకన్నా ముఖ్యంగా, మీరు దిగే చోట పడవలు నడిపేవారిని అడగండి. వారు ఆ రోజు వేటకు వెళ్లలేదంటే మీరూ వెళ్లకండి. దక్షిణంగా సాగాలనుకుంటే కృష్ణపట్నం ఓడరేవు మార్గం అడ్డు వస్తుంది, ఆ తరువాత శ్రీహరికోట నిషేధిత ప్రాంతం. మొదటి ప్రయాణానికి మైపాడు నుంచి ఉత్తరంగా, ఒడ్డు కనిపించే దూరంలో పది కిలోమీటర్లు వెళ్లి, అక్కడే బస చేసి, మరునాడు తిరిగి రండి. వచ్చాక ఏ పడవ ఎలా నడిచిందో, ఎవరి నడుము ఎక్కడ నొప్పి పుట్టిందో రాయండి.